పైకి రాద్దాం

మార్కెట్ వీధిలో ఆమెను అందరూ టేపక్క అనేవారు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా కొలతల టేపు ఆమె మెడలోనే వేలాడేది. బ్యాంకుకు వెళ్లినా అంతే, ఆసుపత్రికి వెళ్లినా అంతే. పద్నాలుగేళ్లుగా ఆ వీధిలో ఆమెది కుట్టుపని. అగ్గిపెట్టెంత కొట్టు. ముందు రెండు మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, వెనక తెర కట్టిన మూల, ఆ తెర వెనక ఒక మరుగుదొడ్డి.

వీధి మొత్తానికి ఆడవాళ్లు వాడుకోగలిగిన మరుగుదొడ్డి అదొక్కటే. కూరలు, పూలు, గాజులు, పాత బట్టలు అమ్ముకునే ఆడవాళ్లు అరవై మందికి పైగా ఆ వీధిలో తెల్లవారకముందే వచ్చి దీపాలు పెట్టే వేళకు వెళ్లేవారు. బస్టాండులో ఒక దొడ్డి ఉంది కానీ అక్కడికి వెళ్లి రావాలంటే ముప్పావుగంట. అంతసేపు బుట్ట వదిలి ఎవరు పోతారు? మగవాళ్లకు గోడలున్నాయి. ఆడవాళ్లు మాత్రం టేపక్క గుమ్మం దగ్గరికి వచ్చి, కొలతలిస్తున్న మనిషి వంక ఇబ్బందిగా చూస్తూ, "అక్కా, ఒక్క నిమిషం" అనేవారు. ఆమె కాదనేది కాదు. కాని అందరూ అడగలేరు. మొహమాటపడేవాళ్లు అసలు నీళ్లు తాగడమే మానేశారు.

ఆకుకూరల పెద్దమ్మ అలా మానేసిన మనిషి. వంతెన అవతలి పేట నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఇరవయ్యారేళ్లుగా ఒకే చోట గోనెపట్టా పరుచుకుని కూర్చుంటోంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తోటకూర కట్టలు కడుతూ కడుతూ పక్కకు ఒరిగిపోయింది. టేపక్కే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. మూత్రంలో చీము. డాక్టరమ్మ చిన్నపిల్ల. చీటీ రాస్తూ గట్టిగానే మందలించింది.

"రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి. తాగకపోతే ఈసారి కిడ్నీలు పోతాయి."

"తాగుతానమ్మా. తాగి ఎక్కడికి పొమ్మంటావో అది కూడా ఆ చీటీలో రాయి" అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. టేపక్క తల దించుకుంది. మరుసటి నెలలో పేట సంఘం ఎన్నికలు వస్తే టేపక్క నిలబడింది. మార్కెట్ వీధికి దొడ్డి కట్టిస్తానన్న ఒక్క మాట తప్ప మరే మాటా చెప్పకుండానే గెలిచింది.

గెలిచాక తెలిసింది అసలు సంగతి. పేట సంఘానికి తొమ్మిదిమంది సభ్యులు, ఒక గది, ఒక పొడుగాటి బల్ల, ఒక రబ్బరు స్టాంపు ఉండేవి. లేనిదల్లా అధికారం. వీధి దీపంలో బల్బు మార్చాలన్నా తీర్మానం రాసి, బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న పెద్దాఫీసుకు పంపాలి. అక్కడివాళ్లు ఎప్పుడూ ఈ వీధి మొహం చూసి ఉండరు. అయినా బల్బు వెలగాలో వద్దో తేల్చేది వాళ్లే. బల్బు వెలగకపోతే జనం వచ్చి తిట్టేది మాత్రం సంఘాన్ని. సంఘం అధ్యక్షుడు మాస్టారు, బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఏ సమస్య వచ్చినా ఆయన కళ్లజోడు తుడుచుకుని "పైకి రాద్దాం" అనేవారు. ఆయన తప్పేమీ లేదు. రాయడం తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

ఐదేళ్లలో నాలుగుసార్లు రాశారు. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి "పరిశీలనలో ఉన్నది" అని వచ్చింది. మూడోసారికి కాగితం మీద కాగితం పెట్టి చూసి విసిగిపోయి టేపక్కే స్వయంగా బయల్దేరింది. తోడుగా ఆమె మరిది వచ్చాడు. భర్తకు తమ్ముడు, అదే వీధిలో బడి సంచులు, నోటుపుస్తకాలు అమ్మే దుకాణం అతనిది. మాట మీద మాట వేసి నవ్వించే మనిషి. ఆరోజు దుకాణం మూసేసి మరీ వచ్చాడు. "నువ్వు ఒక్కదానివే వెళితే వాళ్లు కుర్చీ కూడా వెయ్యరు వదినా. నేను వస్తే కనీసం ఇద్దరం నిలబడతాం" అన్నాడు.

అన్నట్టుగానే ఇద్దరూ నాలుగు గంటలు నిలబడ్డారు. చివరికి ఒక గుమస్తా ఫైలు తెరిచాడు.

"మీ కోరిక 'ప్రజా సౌకర్యాలు, సుందరీకరణ' అన్న శీర్షిక కిందికి వచ్చిందమ్మా. మంజూరైంది కూడా. మీరు అదృష్టవంతులు."

టేపక్కకు కాళ్ల నొప్పులు ఎగిరిపోయాయి. "ఎప్పుడు కడతారు సార్?"

"వచ్చే నెలలోనే. ఈ ఏడాది ఆ శీర్షిక కింద అన్ని పేటలకూ ఫౌంటెన్లే ఇస్తున్నాం."

ఆమె తెల్లమొహం వేసింది. మరిది ముందుకు వంగి చాలా మర్యాదగా అడిగాడు. "సార్, మా ఆడవాళ్లను అందులోకే వెళ్లమంటారా?"

గుమస్తా నవ్వలేదు. ఫైలు మూసి తాడు కట్టాడు. తిరుగు బస్సులో వదినా మరిదీ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. సగం దారిలో నవ్వు ఆగిపోయింది.

ఫౌంటెన్ నిజంగానే వచ్చింది. మరిది దుకాణం పక్కన ఉన్న ఒకే ఒక్క ఖాళీ జాగాలో గుండ్రటి తొట్టి, అందులో నోళ్లు తెరుచుకున్న మూడు సిమెంటు చేపలు. నీటి గొట్టం వేరే శాఖ వాళ్లు వేయాలట, వాళ్లు రాలేదు. కాబట్టి చేపలు నోళ్లు తెరుచుకుని ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాయి. తొట్టి నిండా టీ కప్పులు, ఎండుటాకులు చేరాయి. నాలుగోసారి రాస్తే "మీ పేటకు సౌకర్యం ఇప్పటికే కల్పించబడినది" అని జవాబు వచ్చింది. టేపక్క ఆ కాగితం చదివి, చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టి, కాసేపు బయటికి వెళ్లి నిలబడింది. కత్తెర చేతిలో ఉంటే ఎవరి గుడ్డ పాడుచేస్తుందో అని భయపడింది.

ఆ చలికాలంలో చట్టం మారింది. ఖాళీ జాగాలు, వీధి దీపాలు, మార్కెట్ వేళలు, ఇలాంటివన్నీ ఇకమీదట పేట సంఘాలే తేల్చుకోవచ్చని, చిన్న చిన్న పనులకు పెద్దాఫీసు అనుమతి అక్కర్లేదని, వాటికి సరిపడా సొమ్ము సంఘానికే ఇస్తారని పన్నెండు పేజీల ఉత్తరం వచ్చింది. మాస్టారు దాన్ని సమావేశంలో మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చదివారు. అప్పటికే సగంమంది కునికిపాట్లు పడుతున్నారు. టేపక్క మాత్రం కుర్చీ అంచున కూర్చుంది.

"అయితే దొడ్డి మనమే కట్టుకోవచ్చు కదా మాస్టారూ?"

"అలాగే కనబడుతోందమ్మా. కాని ఇందులో ఏదో మెలిక ఉంటుంది. ఇన్నేళ్లు ఇవ్వనివాళ్లు ఇప్పుడెందుకు ఇస్తారు?" మాస్టారు ఉత్తరాన్ని వెలుగుకు ఎత్తి పట్టి చూశారు, మెలిక కాగితం మధ్యలో దాగి ఉన్నట్టు. "అధికారం ఇచ్చారు, సరే. దాన్ని మనం వాడుకోవచ్చా లేదా అని ఒకసారి పైకి రాద్దాం."

"వాడుకోమనే కదా ఇచ్చారు?"

"ఇచ్చారమ్మా. వాడుకోమని ఎక్కడా రాయలేదు."

మిగతావాళ్లు తలలూపారు. రేపేదైనా తేడా వస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న భయం అందరికీ ఉంది. రాశారు. రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలలూ టేపక్క కుట్టిన జాకెట్లలో చేతులు బిగుతయ్యాయని ముగ్గురు తిరిగి వచ్చారు. ఆమె ఎప్పుడూ అలా తప్పేది కాదు. చివరికి ఒక వాక్యంతో జవాబు వచ్చింది: "విషయము మీ పరిధిలోనిదే." మాస్టారు ఆ జవాబును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫైలులో భద్రం చేశారు.

ఇక అడ్డేముంది అనుకుంది టేపక్క. అడ్డు అంతా అప్పుడే మొదలైంది.

ఇన్నేళ్లు రాసిన తీర్మానాల్లో "మార్కెట్ వీధిలో" అని మాత్రమే ఉండేది. వీధిలో ఏ చోట అన్నది ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇస్తారన్న నమ్మకం ఉంటే కదా ఎక్కడ అని ఆలోచించేది. ఇప్పుడు చోటు చూపించాల్సి వచ్చింది. దొడ్డి కావాలా అంటే తొమ్మిది చేతులూ లేచాయి. ఎక్కడ అనేసరికి ఒక్కొక్కరూ నీళ్లు నమిలారు. టీకొట్టాయన తన కొట్టు పక్కన మాత్రం వద్దన్నాడు, తాగేవాళ్లూ తినేవాళ్లూ వస్తారని. మందుల షాపు వాళ్లు రోగులు వస్తారన్నారు. చెప్పుల దుకాణం వాళ్లకు ఏ కారణమూ దొరక్క "మా పక్కనా?" అని ఊరుకున్నారు. ఎలా తిప్పినా చివరికి మిగిలింది ఫౌంటెన్ ఉన్న జాగా ఒక్కటే. నీటి గొట్టం దగ్గర, మురుగు కాలువ దగ్గర, వీధికి సరిగ్గా నడిమధ్య.

ఆ జాగా పక్కనే మరిది దుకాణం. అతను సభ్యుడు కాడు, కాని సమావేశాలకు ఎవరైనా రావచ్చు. వెనక వరుసలోంచి లేచాడు. ఆరోజు నవ్వించలేదు.

"నా దుకాణానికి వచ్చేది పిల్లలు, వాళ్ల తల్లులు. దొడ్డి వాసన మధ్య నిలబడి ఎవరు పుస్తకాలు కొంటారు? ఐదడుగుల దూరం. మీరే కొలిచి చూసుకోండి." చివరి మాట అంటున్నప్పుడు వదిన మెడలోని టేపు వంక చూశాడు.

పది రోజుల్లో అతను ఒక అర్జీ తెచ్చాడు. దొడ్డి కావాలి కాని ఫౌంటెన్ జాగాలో వద్దని నలభై ఒక్క సంతకాలు. మాస్టారు దాన్ని టేపక్క చేతికిచ్చారు. రెండో సంతకం ఆమె భర్తది.

భర్త కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగి వచ్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. ఆమె అర్జీ నకలు అతని ఒళ్లో పెట్టింది.

"ఇదేమిటి?" అంది.

అతను ఒక బూటు విప్పాడు, రెండోది విప్పలేదు. "తమ్ముడు అడిగాడు."

"నేను ఐదేళ్ల నుంచి అడుగుతున్నాను."

"నువ్వు నన్ను సంతకం అడగలేదు కదా."

"అడిగితే పెట్టేవాడివా?"

"పెట్టేవాణ్ణే. ఎవరు అడిగినా పెడతాను. నాకు మీ ఇద్దరి మధ్య తలనొప్పి ఎందుకు చెప్పు. వాడు అప్పులు చేసి పెట్టుకున్న దుకాణం అది. నువ్వేమో వీధిలో ఆడవాళ్లందరినీ నెత్తిన పెట్టుకున్నావు. ఇద్దరూ మంచివాళ్లే. నేనెక్కడికి పోను?"

ఆమె లోపలికి వెళ్లింది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడు చేశాయి.

మర్నాడు ఆమే మరిది దుకాణానికి వెళ్లింది. సంచుల వరుసల మధ్య నిలబడి, కాగితం మీద తను గీసిన బొమ్మ చూపించింది. తలుపులు దుకాణం వైపు కాకుండా వెనక సందు వైపు పెడదాం, మధ్యలో తొమ్మిదడుగుల గోడ, రోజుకు మూడుసార్లు కడగడానికి ఒక మనిషి. అతను బొమ్మను శ్రద్ధగానే చూశాడు.

"గోడ బాగానే గీశావు. రోజుకు మూడుసార్లు కడిగే మనిషిని ఈ వీధిలో ఎప్పుడైనా చూశావా వదినా?"

"చూడలేదు. పెడితే చూస్తాం."

"నీళ్లు రాని రోజు?"

ఆమె తన బొమ్మ వంక మళ్లీ చూసుకుంది. అతను కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "పెద్దాఫీసు మీద పోట్లాడినన్నాళ్లూ నీ వెనక ఎవరు నిలబడ్డారు? నేనే కదా. ఆ ఫౌంటెన్ పెట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నువ్వూ అడగకుండానే తేల్చేస్తున్నావు. వాళ్లకీ నీకూ తేడా ఏముంది?"

"నేను అడగడానికే వచ్చాను."

"అడగడానికి రాలేదు. ఒప్పించడానికి వచ్చావు."

ఆ మాట ఆమెను రెండు రోజులు వెంటాడింది. కోపం వచ్చింది, నిజమేనేమో అనిపించింది, అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాతి సమావేశానికి ఆమె మార్కెట్ ఆడవాళ్లను రమ్మంది. ఇరవైమంది దాకా వచ్చారు, బుట్టలతో సహా. బల్లలు చాలక గోడ పక్కన కింద కూర్చున్నారు. మాస్టారు ఓటింగు అనగానే ఆకుకూరల పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అమ్మా, సభ్యులే ఎత్తాలి" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "పైగా మీరు ఈ పేటవాళ్లు కారు కదా. మీ ఓటు వంతెన అవతల."

పెద్దమ్మ చెయ్యి దించలేదు. "అక్కడ నేను నిద్రపోతాను బాబూ. మేలుకున్నంతసేపూ ఇక్కడే ఉంటాను. నిద్రపోయే చోట నాకు దొడ్డి ఉంది."

మాస్టారు చట్టం పేజీలు తిప్పి, ఏమీ దొరక్క, జాలిగా తల అడ్డంగా ఊపారు. సభ్యులు ఓటు వేశారు. నలుగురు అటు, ఐదుగురు ఇటు. తీర్మానం వీగిపోయింది. ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని లేచారు. వాళ్లలో గాజులమ్మే ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "ఇదివరకు దూరం నుంచి వద్దనేవాళ్లు, ఇప్పుడు దగ్గర నుంచి వద్దంటున్నారు" అని వెళ్లిపోయింది.

టేపక్క నడిచి ఇంటికి వెళ్లింది. ఇన్నేళ్లూ తిట్టుకోవడానికి పెద్దాఫీసు ఉండేది. ఆ గుమస్తా మొహం, ఆ ఫైలు తాడు, ఆ "పరిశీలనలో ఉన్నది" అన్న ముక్క. ఇప్పుడు తిట్టాలంటే టీకొట్టాయన్ను తిట్టాలి, రోజూ టీ పంపేది ఆయనే. మందుల షాపు అమ్మాయిని తిట్టాలి, ఆమె పెళ్లి బట్టలు కుట్టింది తనే. మొగుణ్ణి, మరిదిని తిట్టాలి. వీళ్లలో ఒక్కరైనా దుర్మార్గులైతే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆ వారమంతా చట్టం నకలు ముందు పెట్టుకుని, గుడ్డ మీద గీసే సుద్దముక్కతో గీతలు పెడుతూ చదివింది. అర్థం కాని చోట మళ్లీ చదివింది. ఏడో పేజీలో దొరికింది. పేటలో నివసించకపోయినా అక్కడ రోజూ పనిచేసేవారి నుంచి ముగ్గురిని, వారికి సంబంధించిన విషయాల్లో ఓటు హక్కుతో సంఘం చేర్చుకోవచ్చు. సంఘం తీర్మానం చేస్తే చాలు.

సమావేశంలో ఆమె ఆ పేరా చదివి వినిపించింది. మాస్టారు కళ్లజోడు తీశారు.

"ఉంది, నిజమే. కాని ఇది ఇంతవరకు ఎవరూ చేసినట్టు లేదమ్మా. ఒకసారి పైకి రాద్దాం."

ఆమె తల ప్రాణం తోకకు వచ్చింది. లేచి నిలబడింది.

"మాస్టారూ, మీరు ముప్పై ఏళ్లు బళ్లో పాఠం చెప్పారు. క్లాసు మధ్యలో పిల్లవాడు లేచి బయటికి వెళ్లాలని చిటికెన వేలు చూపిస్తే ఏం చేసేవారు? పైకి రాసేవారా?"

మొదట ఎవరో ముక్కులోంచి నవ్వారు. తర్వాత గది అంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆ పేరా మీద వేలు పెట్టి మళ్లీ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి.

"వెళ్లమనేవాణ్ణి" అన్నారు చివరికి. పెన్ను తీసుకుని తీర్మానం తనే రాశారు. ఏడుగురు ఒప్పుకున్నారు. అది చేర్చుకోవడానికే తప్ప దొడ్డికి కాదని వాళ్లలో ముగ్గురు ముందే చెప్పేశారు.

పెద్దమ్మ, గాజులావిడ, పాత బట్టలమ్మే ఇంకో ఆవిడ సభ్యులయ్యారు. తర్వాతి నెల మళ్లీ ఓటు పెడితే ఏడు అటు, ఐదు ఇటు. దొడ్డి నెగ్గింది. వెనక వరుసలోంచి మరిది లేచి, "ఓడిపోయినప్పుడల్లా మనుషుల్ని పెంచుకుంటూ పోతే ఎవరైనా గెలుస్తారు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. టేపక్క జవాబు చెప్పబోయింది. పెద్దమ్మకు ఓటు ఉండటం న్యాయం. ఆ న్యాయం తను ఓడిపోయిన తర్వాతే గుర్తొచ్చిందన్నది కూడా నిజం. రెండూ ఒకే నోటితో ఎలా చెప్పాలో తెలియక ఆమె ఊరుకుంది. అతను తలుపు నెమ్మదిగా వేసి వెళ్లిపోయాడు.

ఏడు వారాల్లో కట్టడం అయిపోయింది. సిమెంటు చేపలను పగలగొట్టడానికి ఇద్దరు మేస్త్రీలు, ఒక సుత్తి, ఒక పూట సరిపోయాయి. మూడు గదులు, ఒక కుళాయి, సందు వైపు తలుపులు. గెలిచిన సంతోషం టేపక్కకు సరిగ్గా ఎనిమిది రోజులు ఉంది. తొమ్మిదో రోజు ఒక గడియ ఊడిపోయింది. సందు వైపు తలుపులు పెట్టడంతో లోపల చీకటి, బల్బు కావాలన్నారు. సరుకులు కొనడానికి వచ్చే ఆడవాళ్లు కూడా వాడుకోవచ్చా, మా కోసమే కదా కట్టింది అని బుట్టలవాళ్లకూ కొనేవాళ్లకూ మాటా మాటా పెరిగింది. కడిగే మనిషి మూడుసార్లు అని ఒప్పుకుని రెండుసార్లే వచ్చేది. ఈ గోడునంతా వెళ్లబోసుకోవడానికి అందరూ వచ్చేది ఒక్క చోటికే. ఆమె మిషన్ తొక్కుతుంటే గుమ్మంలో నిలబడి, "ఏమక్కా, నువ్వే కదా కట్టించింది" అనేవారు. ఇదివరకు పైకి చూపించడానికి వేలు ఉండేది. ఇప్పుడు ఆ వేలు ఎటు తిప్పినా తన వైపే వస్తోంది. స్క్రూడ్రైవరు కొని మిషన్ సొరుగులో పెట్టుకుంది. గడియ తనే బిగించింది. మళ్లీ ఊడింది. మళ్లీ బిగించింది.

రెండో నెలలో వరసగా రెండు రోజులు నీళ్లు రాలేదు. ఆ రెండు రోజులూ మరిది మధ్యాహ్నమే దుకాణం మూసేశాడు. వాసన అతను అన్నట్టే ఉంది. మూడో రోజు ఆమె వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"నీళ్ల సంగతి నువ్వు ముందే చెప్పావు. నేను వినలేదు. తొట్టి ఒకటి కట్టించమని సంఘంలో పెడుతున్నాను."

అతను సంచులు దులుపుతూ ఉన్నాడు. తిరగలేదు. పని పూర్తయ్యేదాకా ఆమె నిలబడి, వెళ్లిపోయింది. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు అతను వదిన ఎదురుగానే కూర్చుని అన్నతో, "తొట్టి పెద్దది కట్టించమని చెప్పు అన్నయ్యా, చిన్నదైతే ఒక్కపూటకు కూడా రాదు" అన్నాడు. భర్త ఇటు తిరిగి, "పెద్దది కట్టించమంటున్నాడు" అన్నాడు. "వినబడింది" అంది ఆమె. పండుముసలివాళ్లు చెవి వినబడక మూడో మనిషి చేత చెప్పించుకున్నట్టు ఆ ఇంట్లో మాటలన్నీ కొన్ని నెలలు అలాగే నడిచాయి. భర్తకు విసుగొచ్చి ఒకరోజు, "మీ సంఘానికి అధికారం ఇచ్చినవాడెవడో గాని నా ఇంట్లో నన్ను పోస్టుమాన్‌ను చేశాడు" అన్నాడు. ఆమె నవ్వాపుకుంది. మరిది కూడా ఆపుకోవడం ఆమె చూసింది, కాని చూసినట్టు కనబడనివ్వలేదు.

తొట్టి తీర్మానానికి రెండు సమావేశాలు పట్టాయి. కట్టారు. మరిది దుకాణంలో బేరాలు అతను భయపడ్డంతగా తగ్గలేదు, అలాగని పెరగనూ లేదు. దొడ్డి కోసం వచ్చే తల్లులు పుస్తకాలు కూడా కొంటారని టీకొట్టాయన చెప్పిన జోస్యం ఫలించలేదు.

తుపాను వానలు మొదలయ్యాక సంఘం ముందుకు కొత్త పంచాయితీ వచ్చింది. సరుకు లారీలు పొద్దంతా వీధికి అడ్డంగా నిలుస్తున్నాయి. నడిచేవాళ్లకు చోటు లేదు. మాస్టారు ఈమధ్య మోకాళ్ల నొప్పులతో రాలేకపోతున్నారు కాబట్టి ఆరోజు సమావేశం నడపడం టేపక్క మీద పడింది. పొద్దున ఏడు లోపలే లారీలు సరుకు దించాలన్నది ఆమె ప్రతిపాదన. చదివి కూర్చోకముందే గదిలో పది గొంతులు లేచాయి. కూరలవాళ్లు సరేనన్నారు, గిడ్డంగివాళ్లు కుదరదన్నారు, మందుల షాపు అమ్మాయి తన సరుకు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలంది. ఆమె ఒక్కొక్కరినీ పేరు రాయించుకుని వంతు వచ్చాక మాట్లాడమంది.

వెనక వరుసలో మరిది లేచాడు. అతని సరుకు లారీ వచ్చేది తొమ్మిదింటికి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ప్రతిపాదన రాస్తున్నప్పుడు గుర్తుకు కూడా వచ్చింది. అన్న పక్కన లేడు, మీటర్ల పని మీద వెళ్లాడు. అతను అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు కూడా రాసుకో వదినా. నేను దీనికి వ్యతిరేకం."

ఐదు నెలల తర్వాత ఆమెతో అతను నేరుగా అన్న మొదటి మాట అది. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది.

"నీది పదకొండో వంతు. అంతవరకు కూర్చో."

"పదకొండా? సాయంత్రం అయిపోతుంది."

"అయితే అవుతుంది. మొదటి ఆయన లేవండి."

అతను గొణుక్కుంటూ కూర్చున్నాడు. గిడ్డంగి ఆయన లేచి, ఇదివరకు రెండుసార్లు చెప్పిందే మూడోసారి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. బయట వాన పెద్దదైంది. టేపక్కకు నుదురు పోటెత్తుతోంది. లారీల సంగతి ఆరోజు తేలలేదు.